ఒకే వైపు చూసిన జంటలు

కాలేజీలో ఆమెను అందరూ బరువుల మేడమ్ అనేవారు. కొన్ని లోహాల్లో ఎలక్ట్రాన్లు అయస్కాంతత్వంలో చిక్కుకుని, తమ బరువు వందల రెట్లు పెరిగినట్టు ఈడ్చుకుంటూ నడుస్తాయి. అలాంటివి కూడా విపరీతమైన చలిలో జంటలు కట్టి, ఏ అడ్డూ లేకుండా కరెంటును ఎలా మోస్తాయన్నదే ఆమె పరిశోధన. ఆ అయస్కాంతత్వమే వాటిని కలుపుతుందని ఆమె అంటే, అయస్కాంతత్వం జంటల్ని విడగొడుతుంది గానీ కలుపుతుందా అని నవ్వినవాళ్ళున్నారు. ఆమె పట్టు విడవలేదు. తను పట్టుకున్న లోహంలో జంటలోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్లూ, అంటే వాటిలోని చిన్న అయస్కాంతపు ముళ్ళూ, ఒకే వైపు చూస్తాయని సిద్ధాంతం కట్టింది.

పెళ్ళి ఊసెత్తితే "ఈ లెక్క తేలనీ" అనేది. తేలేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. చెల్లెలు మాత్రం ఆదివారాలు ఫోన్ చేసేది.

ఒక మధ్యాహ్నం కింది అంతస్తు ల్యాబ్ పెద్దాయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె సిద్ధాంతానికి ఆధారమైన కొలత ఒకప్పుడు ఆయన చేసిందే.

"మేడమ్, అప్పుడు స్పిన్లను కొలవడానికి మేం పంపిన రేడియో పల్స్ బలం ఎక్కువైంది. ఆ వేడికి జంటలు విడిపోయి, ఆ లోహపు ముక్క సూపర్‌కండక్టర్‌గా ఉండనే లేదు. మామూలు లోహాన్ని కొలిచి మీ చేతిలో పెట్టాం."

"పల్స్ తగ్గించి చూశారా?"

"చూశాం. స్పిన్లు ఎదురెదురుగా ఉన్నాయి. వేరే ముక్కల్లోనూ అంతే. నన్ను నాలుగు తిట్టండి, పోనీ."

"తిడితే అవి ఇటు తిరుగుతాయా ఏంటి?" అందామె.

ఆయన వెళ్ళాక ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. తనతో కలిసి మొదలుపెట్టిన స్నేహితుడు ఎప్పుడో వేరే పరిశోధనకు మారిపోయాడు. చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏంటక్కా, ఇవాళ చేశావు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నా లెక్క తప్పని తేలింది."

"సరిచేసుకో మరి. నీకు రాని లెక్కా?"

చెల్లెలు ప్రేమగానే అంది. ఫోన్ పెట్టేసి ఆమె క్లాసు నోట్సు తీసింది.

సాయంత్రం క్లాసులో చెప్పాల్సింది ఆ సిద్ధాంతమే. బోర్డు మీద సమీకరణం రాసి, కింద "ఇది తప్పు" అని రాసింది. ఎందుకు తప్పో ఓపిగ్గా వివరించింది.

క్లాసు నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్ళింది. "ఆ ముక్క ఒకసారి చూపిస్తారా?" అంది. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని కళ్ళారా చూడనే లేదు. పెద్దాయన చిన్న డబ్బీ తెరిచాడు. అందులో బియ్యపు గింజంత మెరిసే తునక ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే మేడమ్."

ఆయన తన పనిలో పడ్డాడు. ఆమె స్టూలు లాక్కుని దాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఎదురెదురు స్పిన్లతో లెక్క మొదటి నుంచి మొదలుపెట్టింది. రిటైరయ్యేనాటికి అది సగంలోనే ఉంది.