ఎడమచేతి మీటలను నేను సంస్కరించిన వైనం

ఇది ఒక విధ్వంసం కథ. ఇందులో రక్తం చిందలేదు, గోడ కూలలేదు. ఒకే ఒక మీట నొక్కడం జరిగింది. నొక్కినది మా చెల్లెలు రాజ్యలక్ష్మి. నొక్కించినది నేను. నవ్వుకోదలచిన పాఠకులు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. ఆ సమయంలో మా ఇంటివారు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ముందుగా నా గురించి. మార్కాపురంలో పలకల వ్యాపారం నాది. తేదీ వేయనిదే కాగితం మీద కలం పెట్టను, మొత్తం సరిచూడనిదే నిద్రపోను. మా వంటింటి డబ్బాలు నన్ను చూడగానే పొడుగు ప్రకారం వరుసలో నిలబడతాయని బంధువులు చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. వాటిని నిలబెట్టేది నేనే.

రాజ్యలక్ష్మికి పుట్టుకతోనే చూపు లేదు. బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. ఆమె కంప్యూటరులో బొమ్మలుండవు. నల్లని తెర, తెల్లని అక్షరాలు. దానిని టెర్మినల్ అంటారు. ఫైళ్ళను సర్దుకోవడానికి అందులో ఒక ఫైల్ మేనేజరు ఉంది. ఏ వరుస మీదికి వెళితే ఆ ఫైలు పేరును కంప్యూటరు పైకి చదువుతుంది. ఆపైన ఒక్కొక్క పనికి ఒక్కొక్క మీట. ఏ మీటకు ఏ పని అన్నది మన ఇష్టం. సెట్టింగుల ఫైలులో వ్రాసుకుంటే సరి. ఆమె తన వేళ్ళకు అనువుగా వ్రాసుకుంది. ఎడమ చూపుడువేలి కింద ఉండే ఎఫ్ నొక్కితే కాపీ. కుడి చూపుడువేలి కింది జె నొక్కితే పాఠం వినపడుతుంది. చెరిపివేసే మీట మాత్రం ఎక్కడో మూలన ఉండేది, అది నొక్కినా "నిజంగా చెరిపేయాలా?" అని కంప్యూటరు అడిగేది.

జిల్లాలను కొత్తగా విడదీసిన తరువాత ఒకనాడు ఆమె పని చేసుకుంటుండగా నేను వెనుక నిలబడి చూశాను. ఆమె కాపీ చేస్తున్నది ఎడమచేత్తో! కాపీ అంటే ఏమిటి? మన దగ్గర ఉన్నదాన్ని మరొకరికి ఇవ్వడం. మా దుకాణంలో ఎడమచేత్తో చిల్లర ఇచ్చిన గుమాస్తా వైపు మా నాయన చూసిన చూపు నాకింకా జ్ఞాపకం. అటువంటి ఇంట్లో సాక్షాత్తు విద్యాదానం ఎడమచేత్తో జరిగిపోతున్నది!

ఆ మరుసటి శుక్రవారం రాజ్యలక్ష్మి బంధువుల గృహప్రవేశానికని త్రిపురాంతకం వెళ్ళింది. నేను సెట్టింగుల ఫైలు తెరిచాను. కాపీని కుడిచేతి జె మీటకు తెచ్చాను. పాఠం వినడాన్ని దాని పక్క మీటకు జరిపాను. చెరిపివేయడం అశుభకార్యం కనుక అది ఎడమచేతికే తగినదని తీర్మానించి, ఖాళీ అయిన ఎఫ్ మీటను దానికి కేటాయించాను. ఇక ఆ ప్రశ్న. శుక్రవారం పూట, దీపం పెట్టే ఇంట్లో, ఒక యంత్రం "చెరిపేయాలా?" అని గొంతెత్తి అరవడమేమిటి? దాన్నీ తీసివేశాను. ఒక మంచి పని పూర్తిచేసిన తృప్తితో కాఫీ తాగాను.

మధ్యాహ్నం తిరిగివచ్చిన రాజ్యలక్ష్మి వెంట మరియమ్మ ఉంది. గిద్దలూరు అమ్మాయి, ఆమెకూ చూపు లేదు. నెల తిరిగేలోగా ఉపాధ్యాయ పరీక్ష వ్రాయవలసి ఉంది. ఆమె కోసమే మా చెల్లెలు వానాకాలమంతా కూర్చుని, పాఠాలన్నిటినీ కుదించి తన గొంతుతో రికార్డు చేసింది. వాటిని పెన్‌డ్రైవులో తీసుకుపోవడానికే ఆ పిల్ల బస్సెక్కి వచ్చింది.

"అన్నా, కాసిన్ని మజ్జిగ ఇప్పించు. మరియమ్మ మళ్ళా సాయంత్రం బస్సుకే పోవాల," అన్నది రాజ్యలక్ష్మి.

నా సంస్కరణను మజ్జిగ ఇచ్చిన తరువాత ప్రకటిద్దామనుకున్నాను. శుభవార్తను దాహంతో ఉన్నవారికి చెప్పకూడదు. గ్లాసులతో తిరిగివచ్చేసరికి ఆమె పాఠాలన్నిటినీ ఎంచుకొని ఎఫ్ నొక్కివేసింది.

"ఇదేంది, ఉలకదు పలకదు?" అంటూ బాణం మీట నొక్కింది.

కంప్యూటరు, "ఖాళీ" అన్నది.

"ఖాళీనా? సరిగ్గా చెప్పవే!"

"ఖాళీ."

నా చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగులుకొని సన్నగా మోగాయి. ఆ చప్పుడు చాలు మా చెల్లెలికి.

"అన్నా, నా కంప్యూటరు ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమంటే... సంస్కరించానమ్మా."

"ఏం చేసినావు?"

"కాపీని కుడిచేతికి మార్చాను. ఇచ్చేది కుడిచేత్తోనే ఇవ్వాలి కదా."

"మరి ఎఫ్ మీద ఏం పెట్టినావు?"

పాఠకులారా, ఆ క్షణంలో పలకల గనిలోకి దూకమన్నా దూకేవాడిని. "చెరిపివేత," అన్నాను.

"చెరిపే ముందర అడగాల గదా! ఎందుకు అడగలా?"

"శుక్రవారమని తీసేశాను."

"విన్నావా మరియమ్మా? నీ పాఠాలు మంచిరోజు చూసుకొని మరీ పోయినాయి."

మరియమ్మ మెల్లగా అడిగింది. "అన్నీనా మేడమ్? ఈసారి కూడా రాకుంటే ఇంక చాలు, ఇంటికాడ ఉండమంటున్నాడు మా నాయన."

"ఇంకొక కాపీ ఎక్కడైనా ఉంటుంది కదమ్మా?" అన్నాను ఆశగా.

"నేను చేయబోయిందే ఆ కాపీ అన్నా."

ఈ తరహా ఫైల్ మేనేజరుకు చెత్తబుట్ట ఉండదని, చెరిపింది చెరిపినట్టే పోతుందని నాకు అప్పుడు తెలిసింది.

"అన్నీ వరుసగా, పద్ధతిగా పెట్టాను," అని గొణిగాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"నువ్వు నిద్రపోతాంటే నీ మంచం ఎత్తకపోయి బావిగట్టు మీద వరుసగా, పద్ధతిగా వేస్తా. పొద్దున్నే కాలు ఏ పక్క పెడతావో పెట్టు!"

మరియమ్మ అంత దుఃఖంలోనూ కిసుక్కున నవ్వింది. రాజ్యలక్ష్మి నవ్వలేదు. తీర్పు చెప్పింది. "నాకు బడి ఉంది, గొంతూ పోయింది. పుస్తకం నీ కండ్లకు కనపడతాది. మళ్ళా మొత్తం నువ్వే చదివి రికార్డు చేయి. ఏ పాఠానికాపాఠం ఫోనులో ఈ పిల్లకు పంపు."

ఆనాటి నుండి దుకాణం వెనుక గదిలో, బయట ఆటోలు మోగుతుండగా, నేను సాంఘికశాస్త్రం చదివాను. నాది కచ్చితమైన స్వభావం. ఒక్క అక్షరం విడిచిపెట్టలేదు. పేజీ అంకెలు చదివాను. కామా దగ్గర కొంచెం, చుక్క దగ్గర ఎక్కువ ఆగాను. "పక్కనున్న పటాన్ని శ్రద్ధగా పరిశీలించండి" అని వచ్చిన ప్రతిచోటా, శ్రద్ధగా పరిశీలించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు న్యాయంగా మౌనం పాటించాను. వింటున్నది ఎవరన్న ఆలోచన నా బుర్రకు ఒక్కసారైనా తట్టలేదు.

పరీక్ష అయిపోయింది. ఫలితాలు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఒక ఉదయం ఫోను మోగింది.

"అన్నా, నేను మరియమ్మను. పాసైనాను!"

వెంటనే అడిగాను. "నా చదువు అర్థమయిందా తల్లీ?"

"అర్థమయింది గానీ, మీరు పటం చూడండని చెప్పి గమ్మునుంటిరి గదా, మొదట నా ఫోను చెడిపోయిందనుకున్నా. తర్వాత అలవాటైపోయింది. మీరు గమ్మునున్నంతసేపు అంతకుముందు చెప్పిందంతా మనసులో మళ్ళా చదువుకుంటి. మీ పాఠంలో నాకు బాగా పనికొచ్చింది అదే అన్నా, మీరు మాట్లాడకపోవడం."

పక్కనే వింటున్న రాజ్యలక్ష్మి ఆ శుక్రవారం తరువాత తొలిసారి నవ్వింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. ఆ తరువాత నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఈ కింది ప్రమాణాన్ని నా గొంతుతోనే రికార్డు చేయించింది.

"మార్కాపురం వాస్తవ్యుడనైన నేను, పూర్తి స్పృహతో చేయు ప్రమాణం ఏమనగా: ఇకమీదట ఎవరి వేళ్ళు నడిచే దారిని వారిని అడగకుండా కదిలించను. వారే అడిగి మార్పించుకున్నా, ఆ సంగతి మజ్జిగకు ముందే చెబుతాను. యంత్రం వేసే ప్రశ్నను ఏ వారం నాడైనా సరే వేయనిస్తాను."

ఆ ఫైలును రెండు చోట్ల కాపీ చేసుకుంది. అంతేకాదు, దాన్ని వినిపించడానికి ప్రత్యేకంగా ఒక మీట కూడా కేటాయించింది. నేను ఆ గదిలో అడుగుపెడితే చాలు, నా గొంతు గంభీరంగా ప్రమాణం అందుకుంటుంది. అది ఏ మీటో మాత్రం నాకు ఇంతవరకు చెప్పలేదు.