చప్పట్ల మేస్త్రి, మూడు పెట్టెలు

రెండువేల పందొమ్మిదవ సంవత్సరం, జూలై పందొమ్మిదవ తేదీ, శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున కురిసిన వాన వెలిసింది గాని ఎండ రాలేదు. గాలి ఆడక వీధి యావత్తూ తడిబట్ట కప్పుకున్నట్లుంది. ఆ వేళ రేడియోలు బాగుచేసే దుకాణపు గడప వద్దకు ఒక దర్జీ ఆవిడ, మెడలోని కొలతల టేపు తీయడమైనా మరచి, వచ్చి నిలుచున్నది.

దుకాణదారును అందరూ చప్పట్ల మేస్త్రి అంటారు. ఏ ఇంట స్పీకరు బిగించడానికి వెళ్లినా, ముందు గది నడుమ నిలిచి, ఒకేఒక్కమారు చప్పట్లు చరిచి, చెవి ఒగ్గి వింటాడు. గోడలు ఆ చప్పుడును మింగుతాయో, తిరిగి కక్కుతాయో తెలిసిన తరువాతనే సంచి విప్పుతాడు. నాడి చూడకుండా మందివ్వడమూ, గదిని వినకుండా స్పీకరివ్వడమూ ఒకటేనని ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన నమ్మకం.

"మేస్త్రి గారూ, మా ఆయనకు సినిమా వినిపించాలి," అన్నది దర్జీ ఆవిడ.

"చూపించాలి గదమ్మా?"

"వినిపించాలి. ఆయన చూపు పోయి రెండేళ్లయింది."

ఆమె భర్త సినిమా హాలులో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు. టీవీలో మాటలు స్పష్టంగా తెలియక, "ఏమన్నాడే? ఎవరన్నారే?" అని భార్యను పదిమార్లు అడిగేవాడు. ఆమె పెద్ద దుకాణానికి వెళ్లి హోమ్ థియేటరు ధర కనుక్కుని, వెళ్లినంత వేగంగా తిరిగివచ్చింది.

"ఆ ధరకు రెండు కుట్టుమిషన్లూ, వాటి ముందు కూర్చునే ఇద్దరు మనుషులూ వస్తారండీ! ఏడు పెట్టెలంట. వెనకనుంచి కూడా మాట్లాడతాయంట."

"వెనకనుంచి మాట్లాడడానికి మీకు చుట్టాలు లేరా అమ్మా?"

ఆమె ఫక్కున నవ్వింది. వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "ఈమధ్య ఆయన అడగడం మానేశారండీ. కళ్ల వెంట చెవులూ పోతున్నాయేమోనని దిగులు. పైకి అనరు."

మేస్త్రికి విషయం బోధపడింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే చోట సగం ధర పేరుకే పోతుంది. పలుచని టీవీల స్పీకర్లు వెనకవైపు ఉండి, మాటలను గోడకు చెబుతాయి. మనిషికి వినిపించాలంటే ఏడు పెట్టెలు అక్కరలేదు. మాటలకు నడుమ ఒకటి, సంగీతానికి చెరొకవైపు ఒకటి చాలు. పిండి కొద్దీ రొట్టె. అటక మీద రెండు పాత చెక్కపెట్టెలున్నాయి. వాటి స్పీకర్ల అంచులు పొడిపొడిగా రాలిపోయాయి గాని గొంతు చెడలేదు. వాటికి కొత్త అంచులు అతికించాడు. మనిషి గొంతుకు సరిపడే స్పీకరును పాత రేడియో పెట్టెలో కూర్చి, మాటల పెట్టె చేశాడు. ఎవరో కొత్తది కొనుక్కుని వదిలేసిన యాంప్లిఫయరు ఈ మూడింటికీ సరిపోయింది.

మంగళవారం నాడు ఆమె ఇంటికి వెళ్లి చప్పట్లు చరిచాడు. నున్నటి బండల నేల, బోడి గోడలు, గది ఖంగుమన్నది. గోడకు తెర వేయించి, నేలమీద మందపాటి దుప్పటి పరిపించి, పెట్టెలను కూర్చున్న మనిషి చెవి ఎత్తున నిలిపాడు. ఆపరేటరు గారు ఆ పూట కంటి ఆసుపత్రికి వెళ్లాడు. ఆమె విని, తృప్తిపడింది. వస్తూ వస్తూ మేస్త్రి, "దుమ్ము మాత్రం పడనివ్వకండమ్మా," అని ఒక మాట చెప్పాడు.

తొమ్మిది రోజుల తరువాత ఆమె మళ్లీ గడప వద్దకు వచ్చింది.

"మీ పెట్టెలు తీసుకుపొండి, మేస్త్రి గారూ. వాటి తప్పు కాదు. నేను ముందుగదిలో మిషను మీద ఉంటాను, ఆయన లోపల వింటారు. 'బాగుంది, బాగుంది' అంటూనే నడుమ లేచిపోతున్నారు. నిన్న, 'చెవిటివాడి ముందు శంఖం ఊదకే' అన్నారు."

"గదిని అడగకుండా చెవులమీద నేరం మోపకూడదమ్మా. పదండి."

ఆయన లోపలికి వెళ్లి చప్పట్లు చరిచాడు. కుర్చీలోని ఆపరేటరు గారు ఉలిక్కిపడి, "మేస్త్రి గారా? చెప్పి కొట్టొచ్చు గదండీ!" అన్నాడు.

"వినబడిందా?"

"పక్కింటికి కూడా వినబడి ఉంటుంది."

"అయితే మీ చెవులు ఎక్కడికీ పోలేదు."

అప్పుడు మేస్త్రి పెట్టెలవైపు చూశాడు. మూడింటికీ నిండుగా ఎర్ర ముఖమల్ గలీబులు. అంచులకు కుచ్చులు, ముందువైపు పువ్వులు.

"ఇవేమిటమ్మా?"

"మీరు దుమ్మన్నారు గదా! మూడు రోజులు కుట్టాను. లోపల అస్తరు కూడా వేశాను," అన్నది ఆమె గర్వంగా. "రెండు పొరలు."

"పెట్టెకు కోటు తొడిగి, గొంతు పెగల్లేదని చెవులను నిందించారా తల్లీ!" అని మేస్త్రి తన నుదురు తానే కొట్టుకున్నాడు. "తప్పు నాదే. దర్జీ ఇంట దుమ్ము మాటెత్తి, గుడ్డ మాట చెప్పలేదు."

గలీబులు ఊడదీసి, సినిమా పెట్టాడు. ఆపరేటరు గారు తల వంచి చాలాసేపు విన్నాడు.

"ఏమే, వెనక ఎవరో గిన్నె దించుతున్నారు."

"నేను ఇక్కడే ఉన్నాను గదండీ."

"సినిమాలోనే! ఈ బొమ్మను రెండువందల ఆటలు ఆడించాను. క్యాబిన్లో మిషను రొదకు ఆ గిన్నె ఎన్నడూ వినబడలేదు. ఇవాళ విన్నాను." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ ముఖమల్ నా దిండుకు తొడుగు."

మేస్త్రి ఆమెకు ఒక పరీక్ష నేర్పాడు: గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుని ఊదాలి, ఊపిరి దాటిన గుడ్డను శబ్దమూ దాటుతుంది. ఆమె ఇంట్లోని గుడ్డలన్నీ ఊది, పలుచని తెల్ల మల్లు గుడ్డ ఏరింది.

ఆపరేటరు గారు నేటికీ మధ్యాహ్నం రెండున్నరకు ఆట మొదలుపెడతాడు. ఆ వేళకు ఆమె మిషను ఆపుతుంది. మేస్త్రి అమర్చే పెట్టెలకు ముందుగుడ్డ కుట్టేది ఆమే. ఇప్పటికి నలభై మూడు ఇళ్లయ్యాయి. గలీబులలో రెండు దిండ్లకు వెళ్లాయి. మూడవది మేస్త్రి దుకాణంలో, బల్లమీద, పనిముట్ల కింద పరచి ఉంది.