ఎదుటి వరుసలో అన్నయ్య

మా విచారణలో, అంటే మా ఊరి కతోలిక చర్చిలో, సాయంకాల ప్రార్థన మొదలుపెట్టింది అప్పట్లో కొత్తగా వచ్చిన ఫాదర్ గారు. మఠాల్లో సిస్టర్లు రోజూ వేళ తప్పకుండా చేసుకునే ప్రార్థన మనమెందుకు చేయకూడదని పట్టుబట్టారు. గుడిలో ఎదురెదురుగా రెండు వరుసల చాపలు వేయించారు. కీర్తనలో ఒక చరణం కుడి వరుస చదవాలి, తర్వాతిది ఎడమ వరుస. ఒకరు ముగించేదాకా రెండోవారు ఆగాలి. మనుషుల్ని విడగొట్టిందీ ఆయనే. నేను కుడివైపు పడ్డాను. నాకు సరిగ్గా ఎదురుగా మా అన్నయ్య.

అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేక నాలుగేళ్ళు. సాగర్ కాలవ నీళ్ళు వంతులవారీగా వదిలిన ఏడాది, అన్నయ్య వంతు రోజున, ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళగానే ఎవరో ఆయన కాలవకి అడ్డంగా మట్టితో కట్టుకున్న మడవ తెంచారు. నీళ్ళన్నీ నా చేలోకి మళ్ళాయి. పూత మీదున్న ఆయన మిరపతోట ఎండిపోయింది.

ఆ ఎవరో నేనే. అన్నయ్య నిలదీస్తే, "మరియతల్లి మీద ఒట్టు, నేను కాదు. మట్టి దానంతటదే కొట్టుకుపోయి ఉంటుంది" అన్నాను. పైగా సొంత తమ్ముడి మీద నింద వేశాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. నాకు సిగ్గులేదని ఇప్పుడు రాయడం తేలికే.

పొద్దంతా ఎడమొహం పెడమొహం. సాయంత్రం గంట కొట్టగానే మాత్రం నేనొక చరణం చదివితే ఆయనొకటి చదివేవాడు. మిరప కోతలప్పుడు జనమంతా చేలల్లో ఉంటే, ఒక్కోరోజు ఇటు నేను, అటు ఆయన, మధ్యలో ఫాదర్ గారు, అంతే. వదిన నవ్వేది. "దేవుడనేవాడు లేకపోతే మీ అన్నదమ్ములిద్దరికీ నోళ్ళే లేవయ్యా!" అనేది. నాకు ఆ ఏర్పాటు భలే నచ్చింది. రోజూ కలిసి ప్రార్థిస్తున్నాం కదా, ఇంక విడిగా చెప్పాల్సిందేముందని సరిపెట్టుకున్నాను. అలా ఆరేళ్ళు గడిచాయి.

తర్వాత అన్నయ్యకి గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. ఏడాది తిరక్కుండానే జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. వదిన ఫోన్ చేసింది. "ఒక్కసారి వచ్చి పలకరించి పోవయ్యా. నీకోసమే చూస్తున్నాడు."

నేను ప్రార్థన పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళే ధైర్యం లేదు. మంచం పక్కన కూర్చుని, ఆ సాయంత్రం కీర్తన తీసి, నా చరణం చదివి, అలవాటు కొద్దీ ఆగాను. అన్నయ్య దిండు కింద నుంచి కాగితాల పుస్తకం తీశాడు. మాట పోయాక అందులోనే రాసి చూపించేవాడు.

"పుస్తకం మూసెయ్" అని రాశాడు. దాని కింద, "మడవ తెంచింది నువ్వేనా? నిజం చెప్పు. ఏమీ అనను."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వదిన పక్కనే నిలబడి ఉంది. ఊళ్ళో తలెత్తుకు తిరగడం ఎలాగనిపించింది. చావబోయే మనిషి ముందు నాకు వచ్చిన ఆలోచన అదీ.

"నేను కాదన్నయ్యా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా రాశాడు. "ఇన్నేళ్ళూ నిన్ను అనుమానించాను. పాపం చేశాను. నన్ను క్షమించు తమ్ముడూ."

రాసి, రెండు చేతులూ జోడించాడు. వదిన కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. నా చెయ్యి తీసి ఆయన చేతుల మీద పెట్టింది.

"క్షమించానని ఒక్క మాట అనవయ్యా. మనశ్శాంతిగా పోతాడు" అంది.

"క్షమించానన్నయ్యా" అన్నాను.