మా అంతకన్నా చిన్నాన్న

మా చిన్నాన్నకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాడు ఏ తప్పు చేశానని చెప్పినా, అది తాను ఎప్పుడో, అంతకన్నా ఘోరంగా చేసి ఉన్నానని చెప్పకుండా ఉండలేడు. ఎవరైనా రైలు తప్పిపోయిందని విచారిస్తే, తాను సమయానికే వెళ్లి, వేరే రైలెక్కి, సీటు కోసం ఓ పెద్దమనిషితో పోట్లాడి గెలిచి, చివరికి ముక్కూ మొహం తెలియని ఊళ్లో దిగాననేవాడు. ఎవరైనా పాలు మాడ్చేశామంటే, తాను ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి పాలు పొంగుతాయని నిలబడి చూశాననేవాడు.

ఆయనది కళ్లద్దాల దుకాణం. పగలంతా జనాల చూపు సరిచేసి, ఇంటికి రాగానే ముందుగదిలోని అక్వేరియం ఎదుట కూర్చునేవాడు. ఎర్రచేపలు తిరిగే మామూలు నీళ్ల తొట్టె కాదది, ఉప్పునీళ్లది. సముద్రం అడుగు నుంచి ఓ ముక్క కోసి తెచ్చి గాజుపెట్టెలో అమర్చినట్టుండేది. ఊదారంగు రాళ్లు, వాటి మీద వేళ్లు విప్పి ఊగే ప్రాణమున్న పగడాలు, అద్దం మీద పాకే నత్తలు, ఎర్రచారల రొయ్యలు. వీటన్నిటి మీదా పెత్తనం చేస్తూ నారింజరంగు ఒంటికి తెల్లపట్టీలున్న ముసలి చేప ఒకటి. దాన్ని మా పిన్ని ‘పెద్దాయన’ అనేది. భర్తను ‘ఈయన’ అనేది. ఇద్దరిలో పెద్దాయన మాటే ఎక్కువ వింటానని కూడా అనేది.

సెలవురోజున చిన్నాన్న చేపల దుకాణంలో తేలేవాడు. ఉప్పునీళ్ల తొట్టె కొత్తగా పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్లంతా అక్కడికే వచ్చేవారు. ఒకసారి ఓ బస్సు డ్రైవరు మొహం వేలాడేసుకుని వచ్చాడు. పొద్దున తొట్టె నింపి సాయంత్రం చేపల్ని వదిలాడట. వారం తిరక్కుండా అన్నీ పోయాయట.

“నువ్వు చాలా నయం,” అన్నాడు చిన్నాన్న. “నీకు కనీసం తొట్టె ఉంది. నేను ముందు చేపలు కొన్నాను. తొట్టె లేదని బకెట్లలో పెట్టి స్నానాలగది తలుపేశాను. మా ఇంటిల్లిపాదీ పక్కింటికెళ్లి స్నానం చేశాం.”

డ్రైవరు నవ్వాడు. నవ్విన మనిషికి చెవులు తెరుచుకుంటాయి. అప్పుడు చిన్నాన్న మెల్లగా అసలు సంగతి చెప్పాడు. కొత్త నీళ్లు కంటికి శుభ్రంగానే ఉంటాయి కానీ సిద్ధంగా ఉండవు. చేపలు వదిలే మలినం విషమవుతుంది. ఆ విషాన్ని తినేసే బ్యాక్టీరియా రాళ్లలో కాపురం పెట్టాలంటే వారాలు పడుతుంది. అప్పటిదాకా ఖాళీ నీళ్లనే చూస్తూ కూర్చోవాలి.

వంటింటి ఉప్పు కలిపానని ఓ బడిపంతులు సిగ్గుపడుతూ చెప్పినప్పుడూ ఇదే వరస. తానైతే వంటింటి ఉప్పు కలిపి, గరిటెతో రుచి చూసి, చాల్లేదని ఇంకో గుప్పెడు వేశానన్నాడు. దుకాణంవాళ్లు చివరికి ఆయనకు ‘అంతకన్నా గారు’ అని పేరు పెట్టేశారు.

ఈ కథలు ఊరంతా పాకి, పిన్నికి తలనొప్పి తెచ్చేవి. మీ ఇంట్లో చేపలకు ఆయుష్షు తక్కువటగా అని వీధిలో ఆడవాళ్లు పరామర్శించేవారు. స్నానానికి ఇబ్బందైతే మొహమాటపడకుండా మా ఇంటికి రండని ఓ పెద్దావిడ చెప్పి వెళ్లింది. పిన్ని “ఏదో లెండి” అని, తలుపు కాస్త గట్టిగా వేసేది.

ఇక మా అక్క సంగతి. అక్క తప్పు చేయని మనిషి. చిన్నప్పుడు నా లెక్కలు కూడా తనే దిద్దేది. పెద్దయ్యాక ఓ ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం చేసేది. అక్కడ ఒకరోజు ఒక రోగికి వెళ్లాల్సిన మందు ఇంకొకరికి పంపింది. నర్సు గమనించి ఆపేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. పైవాళ్లు కూడా, ఇకపై జాగ్రత్తమ్మా అని ఊరుకున్నారు. అక్కే ఊరుకోలేదు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. అడిగినవాళ్లకు ఒంట్లో నలతగా ఉందనేది. అసలు విషయం బావ చెప్తే మాకు తెలిసింది కానీ, తను మాత్రం ఎవరిదగ్గరా నోరు విప్పలేదు. చిన్నాన్నకైతే ఆ ముక్క ఎవరమూ చెప్పనే లేదు. చెప్తే అంతకన్నా పెద్ద కథ ఏం అల్లుతాడోనని మా భయం.

కళ్లముందు ఏదైనా కదులుతుంటే మనసు తేలికపడుతుందని బావ ఉప్పునీళ్ల తొట్టె కొనుక్కొచ్చాడు. అక్క దాన్ని కూడా ఆసుపత్రిలాగే నడిపింది. రాళ్ల మీద మురికి కనిపిస్తే చాలు, బయటికి తీసి వేడినీళ్లతో, బ్రష్షుతో తళతళలాడేలా తోమేది. నీళ్లు ఓ వేలెడు తగ్గితే వెంటనే ఉప్పునీళ్లు కలిపి పోసేది. అంత శ్రద్ధగా చూసినా చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. ఆఖరుది పోయిన రోజున, నా చేతిలో ఏదీ బతకదు, ఈ తొట్టె ఎవరికైనా ఇచ్చెయ్, నేను ఉద్యోగం కూడా మానేస్తున్నానని బావతో చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే బావ భయపడేవాడు కాదు. మామూలుగా చెప్పింది.

బావ నాకు ఫోన్ చేశాడు. నేను చిన్నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆయన తొట్టె చుట్టూ ఓసారి తిరిగి, నేలమీద చతికిలబడి, రాళ్లు ఇంత తెల్లగా ఎలా ఉన్నాయని అడిగాడు. అక్క తోమానని చెప్పింది. చిన్నాన్న ఇల్లంతా వినబడేలా నిట్టూర్చాడు.

“వేడినీళ్లతోనే తోమావు. నేను సబ్బు వేశాను తల్లీ. మర్నాడు మోటారు వేస్తే నురగ. తొట్టె నిండి, గది నిండి, గుమ్మం దాటి వీధిలోకి పోయింది. పిల్లలు ఆడుకోవడానికి వచ్చారు.”

అక్క మందులమనిషి కదా, ఏ సబ్బని అడిగింది. చిన్నాన్న క్షణం నీళ్లు నమిలి, ఆకుపచ్చది, నిమ్మకాయ వాసనది అన్నాడు. ఎంత వేశావంది. ఉజ్జాయింపుగా వేశానన్నాడు. అక్క పెదవి చివర ఏదో కదిలింది. మేం చాలా రోజులుగా చూడని కదలిక అది. తోమినప్పుడల్లా రాళ్లలో కాపురమున్న బ్యాక్టీరియా కొట్టుకుపోయిందని ఆయన చెప్పాడు. తరువాత, నీళ్లు తగ్గితే ఏం పోస్తున్నావని అడిగాడు. ఉప్పునీళ్లు అని చెప్పబోయి అక్క ఆగిపోయింది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. అంటే తను పోసినప్పుడల్లా ఉప్పు పెరుగుతూ పోయింది. మంచినీళ్లు పోయాల్సింది.

“రోజూ మందులు కలిపేదాన్ని చిన్నాన్నా. ఇది నాకు తెలియాలి.”

“నాకూ తెలుసు. తెలిసే పోశాను, అదీ ఏడాదిపాటు. చేపలు దాహమేసి బయటికి చూసేవి.”

ఆ రోజు తొట్టె ఎవరికీ ఇవ్వలేదు. కొత్త నీళ్లు కలిపారు, కొత్త రాళ్లు పెట్టారు. ఆ పైన అక్క చేయాల్సిన పనల్లా ఏమీ చేయకపోవడం. తనకు అంత కష్టమైన పని జీవితంలో ఎవరూ చెప్పలేదు. రోజూ ఖాళీ నీళ్లముందు చేతులు ముడుచుకుని కూర్చునేది. ముందు గోధుమరంగు నాచు పట్టి అసహ్యంగా తయారైంది. తోమెయ్యాలని చెయ్యి దురద పెట్టినప్పుడల్లా చిన్నాన్నకు ఫోన్ చేసేది. ఆయన ఇంకో ఘోరం చెప్పేవాడు. కొన్నాళ్లకు నాచు తనంతట తనే వెనక్కి తగ్గింది. మొదటి చేప వచ్చింది, బతికింది. ఇంకోటి వచ్చింది, అదీ బతికింది. అక్క ఉద్యోగం మానలేదు కానీ, సెలవు మాత్రం పొడిగిస్తూనే ఉంది.

చిన్నాన్న తన తొట్టెలోంచి ఓ పగడం కొమ్మ ఇస్తానంటే, అక్కా నేనూ వాళ్లింటికి వెళ్లాం. ఆయన దుకాణం నుంచి ఇంకా రాలేదు. పిన్ని టీ ఇచ్చింది. మాటల్లో అక్క, ఆ నురగ వీధిలోకి పోయినప్పుడు నువ్వేం చేశావు పిన్నీ అని అడిగింది.

“ఏ నురగ?” అంది పిన్ని.

అక్క అంతా చెప్పింది. పిన్ని టీ కప్పు కింద పెట్టేసింది.

“ఈ ఇంట్లో నురగ రాలేదమ్మా. స్నానాలగది ఎవరూ మూయలేదు. గరిటెతో ఉప్పు రుచి చూడలేదు. మొదటి చేపను తెచ్చేలోపు ఈయన ఎంతకాలం ఆగారంటే, ఇంటికొచ్చినవాళ్లు రాళ్లు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. ఆ పెద్దాయన ఇంత ముసలాయన ఎలా అయ్యాడనుకున్నారు?”

మరి ఎందుకలా చెప్తాడని నేను అడిగాను.

“నేనూ పోట్లాడాను, ఊళ్లో నా పరువు తీస్తున్నారని. తప్పు చేసినవాడు ఒంటరిగా నిలబడి ఉంటాడు, పక్కన ఇంకొకడు నిలబడితే వాడికి కాస్త ఊపిరాడుతుంది, పరువుదేముంది అన్నారు. ఇంకేం అంటాను. ఇది నేను చెప్పినట్టు ఆయనకు తెలియనివ్వకండి.”

తిరిగి వస్తున్నప్పుడు మా వీధి మలుపు దగ్గర అక్క, “నాకోసం సబ్బు వాసన కూడా కల్పించాడురా,” అంది.

ఆ తరువాత కొంతకాలానికి చిన్నాన్న చేపల దుకాణానికి వెళ్లడం మానేశాడు. పిన్ని ఫోన్ చేసి ఓసారి రండంది. వెళ్లేసరికి అక్వేరియం మీద దుప్పటి కప్పి ఉంది. చిన్నాన్న దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏమైందంటే కరెంటు పోయిందన్నాడు. ఎప్పుడు పోయిందంటే, మొన్నా మధ్య అన్నాడు. లేని తప్పులు అన్నేళ్లపాటు ఒప్పుకున్న మనిషి, ఉన్న ఒక్కటీ కరెంటు మీదికి నెట్టేశాడు.

అక్క దుప్పటి తీసింది. రొయ్యలు లేవు. నత్తలు అడుగున పడి ఉన్నాయి. పగడాలు వేళ్లు ముడుచుకున్నాయి. పెద్దాయన మాత్రం ఓ మూల తిరుగుతున్నాడు, ఆయన వెనకే మేం ఎన్నడూ చూడని నీలంరంగు చేప ఒకటి. గూట్లో మందు సీసా ఉంది. అక్క దాని మీద రాసింది చదివి అక్కడే పెట్టేసింది. ఆమెకు అంతా అర్థమైంది. అందంగా ఉందని ఓ కొత్త చేపను, కొన్నాళ్లు విడిగా ఉంచకుండా నేరుగా వదిలాడు. దానివల్ల పెద్దాయన ఒంటి మీద తెల్లమచ్చలు లేచాయి. కంగారులో రాగి మందు పెద్ద తొట్టెలోనే పోసేశాడు. ఆ మందు చేపను బతికిస్తుంది, రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపుతుంది. జబ్బు చేపను వేరే తొట్టెలోకి తీసి మందు వేయాలని కొత్తవాళ్లందరికీ చెప్పేది ఆయనే.

అక్క వెళ్లి ఆయన పక్కన నేలమీద కూర్చుంది.

“చిన్నాన్నా, నేను అంతకన్నా ఘోరం చేశాను. నువ్వు మందు వేసింది చేపలకి. నేను ఒకరి మందు ఇంకో మనిషికి పంపాను. పెద్దావిడ. నర్సు చూడకపోతే ఆవిడ మింగేసేది. ఆవిడ మొహం నేను చూడను కూడా లేదు. అందుకే రోజుకో మొహం ఊహించుకుంటున్నాను.”

తన నోటితో ఆ మాట మేం వినడం అదే మొదటిసారి. చిన్నాన్న నోరు తెరిచాడు. తనకు అలవాటైన మాట నాలుక చివరదాకా వచ్చి ఉంటుంది. కానీ అనలేదు. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

కాసేపటికి అక్క లేచి చీరకొంగు బిగించింది. రాళ్లు రాగి పీల్చేసి ఉంటాయి, ఇక పనికిరావంది. పగడాల్లో ప్రాణమున్నవాటిని తీసుకెళ్లి విడిగా ఓ తొట్టెలో ఉంచుతానంది. జబ్బు అంటలేదని తేలాక తన తొట్టెలో పెట్టి, నీది సిద్ధమయ్యాక తెచ్చిస్తానంది. వాటిని ఒక్కొక్కటే బకెట్లోకి దించుతూ, ఏదో కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా, “సోమవారం నుంచి పనికి వెళ్తున్నాను,” అంది.

చిన్నాన్న బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. కాస్త ధైర్యం వచ్చినట్టుంది, గొంతు సవరించుకున్నాడు.

“నేను దుకాణం తెరిచిన కొత్తలో ఏం జరిగిందో తెలుసా. ఒకమ్మాయి కళ్లద్దాలు చేయించుకుంది. నేను ఎవరివో అద్దాలు ఆమెకిచ్చి పంపేశాను.”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్క తల దించుకుని, తరువాత ఏమైందని మర్యాదగా అడిగింది.

“అదొక్కటీ నిజమేనమ్మా,” అంది పిన్ని గుమ్మం దగ్గర్నుంచి. “ఆ అమ్మాయిని నేనే. ఆ అద్దాలు పెట్టుకునే ఈయన్ని చూసి పెళ్లికి సరేనన్నాను.”

“తరువాత సరైనవి ఇచ్చానుగా,” అన్నాడు చిన్నాన్న.

“ఇచ్చారు,” అంది పిన్ని. “అప్పటికే అలవాటైపోయారు.”