లంగా బొందు కింద పుండు

కరోనా మాస్కులు తీసేసి జనం మళ్లీ పెళ్లిళ్లకు తిరగడం మొదలుపెట్టిన ఏడాది అది. గిద్దలూరు బస్టాండు వెనక సందులో నాకు టైలరింగ్ దుకాణం ఉంది. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను, అన్నిటికన్నా ఎక్కువగా చీర కింద కట్టుకునే లంగాలు కుడతాను. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఈ సంగతి రాయాలని చాలాసార్లు కూచున్నాను. కూచున్నప్పుడల్లా కోపం వచ్చి లేచాను. అది తగ్గేదాకా ఆగితే ఎప్పటికీ రాయలేనని తెలిసి, కోపంతోనే రాస్తున్నాను.

లంగా నిలిచేది బొందు మీద. పొలం పనికి పోయే ఆడవాళ్లు చీర ఎగ్గట్టి వంగి కలుపు తీస్తారు కాబట్టి, జారకుండా ఊపిరి బిగబట్టి బొందు లాగి కడతారు. కుచ్చిళ్ల బరువు, బొడ్లో దోపుకున్న చిల్లర సంచి బరువు అన్నీ దాని మీదే. చెమట, దుమ్ము, రోజంతా ఒరిపిడి. కొన్నేళ్లకు నడుము చుట్టూ నల్లటి గీత పడుతుంది. మా వైపు దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. ఆడదాని నడుము అట్లాగే ఉంటుందని అనుకుంటారు.

రమణమ్మది బేస్తవారిపేట దగ్గర పల్లె. భర్త కాశయ్యకు గొర్రెలున్నాయి, కొంచెం కంది చేను ఉంది. చేలో పనంతా ఆమెదే. ఆ ఏడాది రెండు లంగాల గుడ్డ తెచ్చి ఒక మాట చెప్పింది.

“బొందు ముడి ఈసారి ఎడం పక్కకు పెట్టక్కా.”

“ఎందుకు? ఎప్పుడూ కుడిపక్కే గదా.”

“ఆడ కొంచెం పచ్చిగా ఉండాది. బొందు పుండులే.”

టేపు తీస్తే నడుముకు తగలనియ్యలేదు. కొలతకని పాత లంగా చేతిలో పెట్టింది. దాన్నే మేము ఆది అంటాం. ఉతికిన లంగానే, కానీ బొందు దూరే పట్టీ దగ్గర కుడివైపు మరక గట్టిపడి ఉంది. వాసన పోలేదు. ఆమెను పరదా వెనక్కి తీసుకుపోయి చీర పక్కకు తీయమన్నాను. కాసేపు బతిమాలాక తీసింది. అరచేతిలో సగం ఉంది పుండు. అంచులు పైకి లేచి గట్టిగా, మధ్యలో గుంటపడి తడిగా ఉంది.

“ఇది ఎన్నాళ్లనుంచి?”

“పోయినేడు కందులు కోసేటప్పటికే ఉండాది.”

“ఎవురికన్నా చూపించినావా?”

“యాడ చూపించేదక్కా, ఆ చోట? ఆయన పోయి ఆర్‌ఎంపీకి చెప్పి మందు తెచ్చినాడు. పూస్తానే ఉన్నా.”

ఊళ్లో వైద్యం చేసే మనిషి, భర్త నోటిమాట విని, పుండు కంటితో చూడకుండా, అయిపోయినప్పుడల్లా కొత్త ట్యూబు ఇచ్చాడు. ఆమెను ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిచినా పోయేదాన్ని కాదని ఆమే చెప్పింది. దీంట్లో ఎవరిమీద ఎక్కువ కోప్పడాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

అది ఏం పుండో నాకేం తెలుసు. షుగరు పుండేమో అనుకున్నాను. మర్నాడు దుకాణం మూసేసి ఆమెను మార్కాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అంచులు నొక్కి చూసింది, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడిమింది, పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అట్లా ముక్క తీసి చూడడాన్ని బయాప్సీ అంటారు. రిపోర్టు వచ్చిన రోజు కాశయ్య కూడా వచ్చాడు.

“దీన్ని స్క్వామస్ సెల్ కార్సినోమా అంటారు,” అంది డాక్టరమ్మ. “చర్మం పై పొరల్లో వచ్చే క్యాన్సర్. చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే రకాల్లో ఒకటి. ఎండ వల్ల వస్తుంది, కాలిన పాత మచ్చలో వస్తుంది, ఇట్లా ఏళ్ల తరబడి ఒరుసుకుని మానని పుండులో కూడా వస్తుంది.”

“బొందుకు క్యాన్సరా?” రమణమ్మ నవ్వబోయి ఆగింది.

“అందరికీ రాదమ్మా. నీకు వచ్చింది. గజ్జల్లో బిళ్లలు తగలడం లేదు కాబట్టి ఇప్పుడు కోసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది. వదిలేస్తే లోపలికి పోతుంది, అప్పుడు నేనేం చెప్పలేను. కర్నూలు పెద్దాసుపత్రికి పోండి, ఆలస్యం చేయొద్దు.”

కాశయ్య తల ఊపాడు. ఆ తల ఊపును నమ్మి నేను ఇంటికొచ్చి పడుకున్నాను.

వారం తిరక్కుండానే ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు. మూడో మనిషి కాశయ్య అక్క ఓబులమ్మ. సంచులు సర్దుకుని ఉన్నారు. కర్నూలుకే అనుకుని సంతోషపడ్డాను.

“దోర్నాల అవతల ఒకాయన పసరు కట్టు కడతాడంట,” అంది ఓబులమ్మ. “కొన్నాళ్లు ఆడనే ఉండాల. మార్చుకునేదానికి ఆ లంగాలు ఇయ్యి.”

“కర్నూలు సంగతి ఏమాయె?”

“కత్తి పడితే ఒళ్లంతా పాకుద్ది. పసరుకైతే ఊడి పడుద్ది.”

“ఎవురికి ఊడింది? ఒక్క పేరు చెప్పు వదినా.”

“నీకెందుకమ్మా? లంగాలు కుట్టేదానివి, కుట్టు.”

బెంచీ మీద కూచున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లంగాలు కుట్టి ఉన్నాయి, బొందులు ఇంకా ఎక్కించలేదు. ఒక బొందు తీసి కాశయ్య మీదికి విసిరాను.

“అన్నా, నడుముకు కట్టుకో. చర్మానికి తగలాల. నీ పెళ్లాం కట్టినంత గట్టిగా.”

“ఇంగ గాజులు కూడా తొడుగు చెల్లెమ్మా,” అని నవ్వుతూ చొక్కా ఎత్తి కట్టుకున్నాడు. అందరూ నవ్వారు. రమణమ్మ ఒక్కతే నవ్వలేదు. లేచి దగ్గరికి పోయి ఆ ముడి విప్పి, మోకాలు అతని తుంటికి ఆనించి, బొందు లాగి మళ్లీ ముడేసింది.

“ఇంత,” అంది.

“అబ్బా! ఊపిరాడదే.”

“కూచో. కలుపు తీసినట్టు వంగు.”

కూచున్నాడు. నేను మిషను మీద ఒక వరస కుట్టేలోపే అతని వేళ్లు ముడి దగ్గరికి పోయాయి.

“ఇప్పొద్దు. పొద్దు గూకేదాకా ఉండు.” రమణమ్మ అంత గట్టిగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. “నిరుడు నీ పొట్టేలు మెడకు తాడు ఒరుసుకుని పుండు పడితే ఏం జేసినావు? ఆ పొద్దే ఆటోలో ఏసుకొని పశువులాసుపత్రికి పోతివి. పసరు పూసినావా? ఆడ కుళ్లింది కోసి కుట్లేసినారు. పాకిందా? బతికిందా లేదా?”

కాశయ్య ముడి మీదినుంచి వేళ్లు తీశాడు.

“నేను నీ పొట్టేలు కన్నా తక్కువా? చెప్పు. మీ అక్క ముందరే చెప్పు.”

ఎవరూ నవ్వలేదు. కాశయ్య బొందు విప్పి, దాన్ని చుట్టచుట్టి నా మిషను మీద పెట్టి, “కర్నూలు బస్సు ఎన్నింటికి?” అని నన్నడిగాడు.

పొట్టేలు పుండు వేరు, క్యాన్సర్ వేరు, ఆ మాట నాకూ తెలుసు. కానీ కత్తి వల్ల పాకదని కర్నూలు డాక్టరు కూడా వాళ్లకు చెప్పాడట. కోయకుండా ఉంచితేనే పాకుతుందన్నాడట. పుండుతో పాటు చుట్టూ బాగున్న చర్మం కూడా కొంత కలిపి తీశారు. దాన్ని మార్జిన్ అంటారు. మేమూ గుడ్డ కత్తిరించేటప్పుడు గీత అవతల మార్జిన్ వదులుతాం. మేము వదిలేది కుట్టు నిలవడానికి, వాళ్లు తీసేది జబ్బు మిగలకుండా ఉండడానికి. తొడ మీది పలచని చర్మం తీసి ఆ చోట అతికించారు. అది స్కిన్ గ్రాఫ్ట్. నడుము కన్నా తొడే ఎక్కువ నొప్పి పుట్టిందని రమణమ్మ చెప్పింది. మార్జిన్లో జబ్బు లేదని తేలింది. ఇప్పటికీ పిలిచినప్పుడల్లా పోయి గజ్జలు చూపించుకుని వస్తుంది.

ఆ చోట ఇక బొందు తగలకూడదన్నారు. అందుకని భుజాల మీదినుంచి పట్టీలతో వేలాడే లంగా ఒకటి కుట్టాను. చిన్నపిల్లల గౌను మాదిరి ఉందని ఆడవాళ్లు ఎగతాళి చేశారు. చేయనీ. మిగతావాళ్లకు నాలుగు వేళ్ల వెడల్పు బెల్టు పట్టీ వేసి ఇస్తున్నాను, కట్టిన చోటే కట్టకుండా కొంచెం పైకీ కిందికీ మార్చమని పోరుతున్నాను. మానని పుండుంటే నాకు చూపించమంటున్నాను. “లంగా కుట్టమంటే నడుము చూపించమంటుంది,” అని వేరే దుకాణానికి పోయినవాళ్లున్నారు. ఆ దుకాణంలో దారం లాంటి బొందుతో రెడీమేడ్ లంగాలు వేలాడుతున్నాయి. ఆ ఆర్‌ఎంపీ ఇప్పటికీ చూడకుండానే ట్యూబులు ఇస్తున్నాడు.

పోయిన ఎండాకాలం ఓబులమ్మ వచ్చింది, ఒంటరిగా.

“మా మరదలికి కుట్టినట్టు నాకొక గౌను లంగా కుట్టు.”

“ఎందుకు వదినా? ఎగతాళి చేస్తివి గదా.”

“చల్లగా ఉంటుందని.” ఎడమ చెయ్యి నడుము మీదినుంచి తీయడం లేదు.

కత్తెర కింద పెట్టాను. “చూపించందే కుట్టను.”

“నాకేం లేదమ్మా. ఉత్త గీత.”

“ఉత్త గీతే చూపించు.”

తిట్టుకుంటూ బెంచీ మీద కూచుంది. ఉన్నవాళ్లంతా పోయేదాకా కూచుంది. తర్వాత తనే లేచి పరదా వెనక్కి పోయింది. నల్లటి గీత, దాని మీద చర్మం పగిలి తెల్లబడింది. గట్టిగా లేదు, గుంట లేదు.

“పొట్టేలు పుండా, నా మరదలి పుండా?” అని అడిగింది.

“నాకు తెలీదు,” అన్నాను. “తెలిసినామె మార్కాపురంలో ఉండాది. చెప్పులేసుకో.”

సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేసి షట్టరు దించాను.