పిండిమర ముసలమ్మ మెడలో తాళంచెవి

మా బావగారి మంచితనం వల్ల నేను ఒక వీడియోగేమ్‌లో దాదాపు రెండు నెలలు ఒకే ఇంట్లో ఇరుక్కుపోయాను. ఆ విసుగు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అప్పుడు మేం బహ్రెయిన్‌లో, జింజ్‌లో, రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అక్క, బావగారు, నేను. అక్క ఆ దగ్గర్లోనే ఒక బహ్రెయినీ ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకునేది. బావగారిది ఏసీలు బాగుచేసే పని. నేను సీఫ్‌లో ఒక మాల్‌లో అత్తరు దుకాణంలో పనిచేసేదాన్ని. పొద్దున్నుంచీ నిలబడి, నవ్వి, వచ్చినవాళ్ళ మణికట్టు మీద సెంటు చల్లి ఇంటికొచ్చేసరికి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడబుద్ధయ్యేది కాదు. సరిగ్గా అప్పటికే బావగారు కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసి ఉంచేవారు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు.

ఆ కంప్యూటర్ జిదాఫ్స్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్‌ది. ఇంటికి మెయిల్ పెట్టుకోవచ్చు, ఫోటోలు దాచుకోవచ్చు అని అక్కను ఒప్పించి తెచ్చారు. అమ్మిన హైదరాబాదు భాయ్ దాంతోపాటు ఒక గేమ్ సీడీ ఊరికే ఇచ్చి, "పిల్లలు ఆడుకుంటరు, తీస్కపోండి" అన్నాడట. మా ఇంట్లో పిల్లలు లేరు. బావగారు ఉన్నారు.

అది అప్పటికే పాత గేమ్. మనుషుల మొహాలు గళ్ళు గళ్ళుగా కనిపించేవి. ఒక రాజ్యంలో శాపం వల్ల వాన ఆగకుండా పడుతూ ఉంటుంది. నీలం అంగీ తొడుక్కున్న ఒక కుర్రాడు కొండ మీది బురుజు ఎక్కి, అక్కడున్న మంత్రగంట మోగిస్తే వాన ఆగుతుంది. ఆ కుర్రాణ్ణి మనం నడిపించాలి. కత్తియుద్ధాలేవీ లేవు. కనిపించిన వస్తువు మీద మౌస్ నొక్కి తీసుకోవాలి, కనిపించిన మనిషితో మాట్లాడాలి, దొరికినవన్నీ సంచిలో వేసుకుని ఎక్కడ ఏది పనికొస్తుందో కనిపెట్టాలి. మాటలన్నీ తెర అడుగున ఇంగ్లీషులో వచ్చేవి. బావగారు పదో తరగతి దాకా చదివారు. అందుకే ఆ రెండో కుర్చీ.

"ఏవంటున్నాడు అమ్మాయ్ ఇతను?"

"వలలు తడిసిపోయాయంటున్నాడు బావగారూ."

"నాలుగు లైన్లుంది. వలలొక్కటే ఎలా అవుద్ది? మొత్తం చెప్పు."

మొత్తం చెప్పేదాన్ని. ఆ జాలరికి మోకాళ్ళ నొప్పులట, పడవకి చిల్లు పడిందట, వాళ్ళావిడ పుట్టింటికెళ్ళి తిరిగి రాలేదట. ఇందులో ఒక్క ముక్క కూడా గేమ్‌కి పనికొచ్చేది కాదు. బావగారు మాత్రం అంతా విని "పాపం" అనేవారు. మర్నాడు మళ్ళీ ఆ జాలరి దగ్గరికే కుర్రాణ్ణి తీసుకెళ్ళి, ఆవిడ వచ్చిందేమో అడగమనేవారు. గేమ్‌లో మనుషులు ఎన్నిసార్లడిగినా ఒకే మాట చెబుతారని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా తలూపేవారు, మళ్ళీ వెళ్ళేవారు.

అలా నత్తనడక నడిచి పిండిమర దాకా వచ్చాం. అక్కడొక ముసలమ్మ ఉంటుంది. వానలో తడిసి వచ్చిన కుర్రాణ్ణి లోపలికి రమ్మంటుంది, పొయ్యి పక్కన కూర్చోబెట్టి గిన్నె నిండా సూప్ పోసి రొట్టె పెడుతుంది. బురుజు తాళంచెవి ఆమె మెడలోనే తాడుకి వేలాడుతూ ఉంటుంది. అడిగితే ఇవ్వదు. చచ్చిపోయిన మొగుడు అప్పగించాడట, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చిందట.

ఏం చేయాలో నాకు అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది. అంతకుముందే అడవిలో మా సంచిలోకి ఒక ఆకు చేరింది. తింటే మత్తుగా నిద్రపోతారని దాని మీద రాసి ఉంది. పొయ్యి మీద సూప్ కుండ ఉంది.

"ఆ ఆకు కుండలో వెయ్యండి. ఆవిడ నిద్రపోద్ది. తాళం తీసుకుందాం."

బావగారు మౌస్ మీంచి చెయ్యి తీసేశారు.

"అన్నం పెట్టిన మనిషికి మత్తుమందు పెడతావా?"

"అది బొమ్మ బావగారూ."

"బొమ్మే. ఆకు వేసేది మాత్రం మనం కదా. ఇంకేదో దారుంటది, చూద్దాం."

ఆ చూడ్డం మొదలైంది. సంచిలో ఉన్న ప్రతి వస్తువూ ముసలమ్మకి ఇచ్చి చూశారు. చేప, కొవ్వొత్తి, తుప్పు పట్టిన లాడం. దేనికైనా తెర మీద ఒకటే జవాబు, అది ఇక్కడ కుదరదు అని. ఆమెకి కట్టెలు తెచ్చిపెట్టాలని చూశారు. కుదరదు. కారుతున్న కప్పు బాగుచేయాలని చూశారు. కుదరదు. సాయంత్రాలన్నీ నేను ఆ మూడు మాటలే తెలుగులో చెబుతూ కూర్చున్నాను. వద్దంటే ముడుచుకున్న అక్క మొహం చూడాల్సి వచ్చేది. వాళ్ళింట్లో ఉంటున్నదాన్ని.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం పొద్దున తెలుగువాళ్ళ ఆరాధన ఒక అద్దె హాల్లో జరిగేది. ప్రార్థన అయ్యాక టీలు తాగుతుంటే బావగారు సంఘపెద్దను పక్కకి పిలిచి అడిగారట, "అయ్యగారూ, మనకి తిండి పెట్టే ముసలావిడకి నిద్రమందు ఇచ్చి ఆవిడ మెడలోది తీసుకుంటే, మంచి పని కోసమే అనుకోండి, తప్పంటారా?" ఆయన సమాధానం చెప్పేలోగా ఎవరో వచ్చి పలకరించడంతో ఆ మాట అక్కడే తెగిపోయింది. అది గేమ్ సంగతని చెప్పాలని మా బావగారికి తోచలేదు.

ఆ సాయంత్రం సంఘపెద్ద, ఆయన భార్య మా ఇంటికొచ్చారు. వచ్చి సోఫా అంచున కూర్చున్నారు. నీళ్ళు కూడా ముట్టలేదు. ఆవిడ అక్కనే చూస్తోంది.

"అమ్మా, నువ్వు చూసుకునే పెద్దావిడకి ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉందండి. నిద్రే సరిగ్గా పట్టట్లేదు," అంది అక్క.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, కష్టాలు అందరికీ ఉంటాయి. ఏదన్నా అవసరం ఉంటే సంఘం ఉంది, మేం ఉన్నాం. ఇలాంటి ఆలోచనలు పెట్టుకోకూడదు. ఈ దేశంలో పట్టుబడితే వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఏం చెయ్యలేడు."

అక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమై, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావగారు మాత్రం ఎంతో శ్రద్ధగా తలూపుతున్నారు. ఆయన ఇంకా పిండిమర ముసలమ్మ గురించే అనుకుంటున్నారు.

"అదేనండి నేనూ అనేది. ఈ అమ్మాయే ఇచ్చేద్దాం, ఇచ్చేద్దాం అంటది," అని నన్ను చూపించారు.

వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు. ఆ చూపు ఇవాళ్టికీ మర్చిపోలేను. నేను లేచి కంప్యూటర్ పెట్టాను. పిండిమర కనిపించగానే ముసలమ్మను, కుండను, ఆకును, మెడలో తాళాన్ని ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించాను. ఒళ్ళు మండిపోతోంది.

సంఘపెద్ద చాలాసేపు తెర వైపు చూశారు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, "మళ్ళీ ఒకసారి అడిగి చూడకపోయారా?" అన్నారు. బావగారి మొహం వెలిగిపోయింది. ఇద్దరూ కలిసి గంటసేపు అడిగారు. నేను అనువాదం చేశాను. ఆయన భార్య అక్కతో వంటింట్లోకి వెళ్ళింది. పాపం, ఆవిడ అక్కకి రెండుసార్లు క్షమాపణ చెప్పిందట. నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు నాకు డ్యూటీ లేదు. అక్కా బావగారూ పనికి వెళ్ళగానే కంప్యూటర్ పెట్టాను. ఆకు కుండలో వేశాను. ముసలమ్మ ఒక గరిటెడు తాగి, కుర్చీలో తల వాల్చేసింది. తాళంచెవి తీసుకుని సంచిలో వేసి, అక్కడితో సేవ్ చేశాను. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం కోసం నేను రెండు నెలల సాయంత్రాలు పోగొట్టుకున్నానని తలుచుకుంటే నామీద నాకే చిరాకేసింది.

సాయంత్రం బావగారు సంచి తెరిచి తాళంచెవిని చూశారు. నా వైపు చూశారు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన కుర్రాణ్ణి ముసలమ్మ దగ్గరికి నడిపించి, తాళంచెవి తిరిగి ఇవ్వబోయారు.

అది ఇక్కడ కుదరదు.

పలకరించారు. ముసలమ్మ నిద్రపోతోంది. బయటికెళ్ళి, ఊరంతా తిరిగి, మళ్ళీ వచ్చారు. నిద్రపోతూనే ఉంది. గేమ్ తయారుచేసినవాళ్ళు ఆమెను మళ్ళీ లేపాలనుకోలేదు, అంతే. ఆ మాట ఆయనకి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అలా మూడు రోజులు. పని నుంచి వచ్చి, స్నానం చేసి, ముసలమ్మ లేచిందేమో చూసి, కంప్యూటర్ కట్టేసేవారు. నాతో మాటల్లేవు. నేను అన్నం వడ్డిస్తే "చాలు" అనేవారు, అది కూడా నాతో కాదు, గిన్నెతో.

మూడో రోజు అక్క వచ్చి చెప్పులైనా విప్పకుండా మా వెనక నిలబడింది. అంతవరకూ ఆ గేమ్ మొహం కూడా సరిగ్గా చూడని మనిషి.

"ఎన్నిసార్లు లేపుతారండి ఆవిణ్ణి?" అంది. "మా పెద్దావిడ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఇవాళ ఒక్క గంట పడుకుంటే ఇంటిల్లిపాదీ గుమ్మంలోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచాం. ఆ వయసులో నిద్ర రావడమే గొప్ప. పడుకోనివ్వండి."

 బావగారు కుర్రాణ్ణి మెల్లగా బయటికి నడిపించి, పిండిమర తలుపు వేశారు. నేను రెండు నెలలు చెప్పినా ఎక్కనిది అక్క ఒక్క మాటతో ఎక్కింది. దానికీ నాకు ఒళ్ళు మండింది.

కొండెక్కాం. బురుజు తలుపు తెరిచాం. లోపల మెట్లు, మెట్ల చివర ఇంకో తలుపు. దానికి తాళం. ఆ తాళంచెవి పక్కనే గోడకి ఆనుకుని కునుకుతున్న కాపలావాడి నడుముకి వేలాడుతోంది. నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. ఇంకో రెండు నెలలు అనుకున్నాను.

మౌస్ చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి తాళంచెవి మా సంచిలో ఉంది.

"అదేంటి బావగారూ? ఇది దొంగతనం కాదా?"

"వీడు మనకేం పెట్టాడని," అన్నారు ఆయన, తలుపు తీస్తూ.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాను. అక్క ఎందుకే అంత గట్టిగా కొడుతున్నావంది. తర్వాత రెండు వారాల్లో ఆయన ఆ గేమ్ ముగించారు. గంట మోగింది, వాన ఆగింది, రాజు ఏదో పొడుగాటి ప్రసంగం చేశాడు. అది కూడా నాచేత మొత్తం చెప్పించుకున్నారు.