చిక్కుడు కొత్తలకు ముందు

మా అత్తను ఊరి ముందు నిలబెట్టింది నేనే. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

జగదల్‌పూర్‌లో ఇంకా రాజుల పాలన నడుస్తున్న రోజులవి. కొంటాకు క్రోసెడు దూరంలో, శబరి ఒడ్డు పల్లెకు నేను కోడలిగా వచ్చి ఏడాది. ఏ కొత్త పంట చేతికొచ్చినా అమ్మోరికి పెట్టి కొత్తల పండుగ చేసేదాకా ఆ ఊళ్లో ఎవరూ నోట్లో వేసుకోకూడదు. అమ్మోరికి పెట్టే తొలి చిక్కుడుకాయలు వండేది మా అత్త. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. ఆవిడ ఎంత నిష్ఠగా ఉండేదంటే, పండుగకు ముందు నేను చిక్కుడు పందిరి కింద నిలబడినా కసిరేది.

ఆ వానాకాలంలో ఒక పొద్దున అత్త మూతి కొంచెం పక్కకు పోయింది, ఎడమకాలు ఈడ్చింది. గాలి సోకిందన్నారు. పది రోజుల్లో మూతి సర్దుకుంది, కాలూ సర్దుకుంది. మనిషి మాత్రం సర్దుకోలేదు. మమ్మల్నందరినీ గుర్తుపట్టేది, పాత సంగతులు పూసగుచ్చినట్టు చెప్పేది. కానీ పొయ్యి మీద ఎసరు పెట్టి, మంట వెయ్యకుండా దాని ముందు కూర్చునేది. ఏ పని తర్వాత ఏ పనో తెలిసేది కాదు. ఏదైనా అడిగితే చాలాసేపటికి జవాబు వచ్చేది. రెండు నెలలు అలాగే ఉంది. దసరా వెళ్లాక మళ్లీ ఒక మెట్టు దిగింది. అడుగులో అడుగు వేసి నడిచేది, ఊరికే ఏడ్చేది.

నాకేం తెలుసు? కోడలొచ్చింది కదా అని ఒళ్లు దాచుకుంటోందనుకున్నాను. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా అని గొణుక్కునేదాన్ని. పైగా నాకు ఐదో నెల. నీళ్లు నేనే మొయ్యాలి, వడ్లు నేనే దంచాలి. ఒకసారి ఆవిడ నడక నడిచి చూపించి నా మొగుణ్ణి నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఆ వంటింటి పెత్తనం నాకు కావాలి.

పండుగ ఇంకా వారం ఉందనగా, నీళ్ల బిందెతో ఇంట్లోకి వస్తే చిక్కుడుకాయల వాసన. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది, పక్కన అత్త కూర్చుని ఉంది. ఇంట్లోనే మూత పెట్టాల్సిన మాట. కుండ పారబోస్తే సరిపోయేది. నేను దడి దగ్గరికి పోయి, పక్కింట్లో ఉన్న పూజారి భార్యతో, "మా అత్త కొత్తలు కాకుండనే చిక్కుడు తింటున్నది, చూడు వదినా" అన్నాను. అత్త తిన్నదో లేదో నేను చూడనైనా లేదు.

తెల్లారి ఊరంతా కూడింది. అత్త నా మొగుడి భుజం పట్టుకుని నిలబడింది. "ఏంది వదినా, పదిమందికి చెప్పేదానివి, నువ్వే తిన్నవా?" అని పటేలు అడిగాడు. అత్త పలకలేదు. ఇంకోసారి అడిగాడు. అప్పుడూ పలకలేదు. తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నారు. అమ్మోరికి కోడిని ఇవ్వాలన్నారు, ఇకమీద తొలి కుండ ముట్టుకోవద్దన్నారు. జనం లేచి వెళ్లిపోతున్నప్పుడు అత్తకు మాట వచ్చింది.

"నేను తినలే. పిల్ల కడుపుతోని ఉన్నది. నోరు చప్పగున్నదన్నది. దానికోసం వండిన. పండుగ అయిపోలేదా?"

ఎవరూ వెనక్కి తిరగలేదు. విన్నది నేనూ నా మొగుడూ, మేమిద్దరమే. నేను పరుగెత్తి పటేలును ఆపాల్సింది. ఆపలేదు.

ఎన్నో ఏళ్లకు నా మొగుడికీ అదే నడక వచ్చింది. మెదడులో సన్నటి రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయని, ప్రతిసారీ మనిషి కొంత తగ్గి అక్కడ ఆగుతాడని, మళ్లీ తగ్గుతాడని భద్రాచలంలో డాక్టరు చెప్పాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగాడు.

అత్త ఆ తర్వాత రెండేళ్లు బతికింది. వంట మరిచింది, పొలం దారి మరిచింది, చివరికి నా కూతురెవరో కూడా మరిచింది. ఊరి ముందు నిలబడ్డ సంగతి మాత్రం ఆవిడలో ఎక్కడో మిగిలిపోయింది. అన్నం పెడితే చెయ్యి ఒళ్లోనే పెట్టుకుని నా మొహంలోకి చూసేది.

"పిల్లా, తినొచ్చునా?"

"తిను అత్తా" అంటే ఒక ముద్ద తినేది. రెండో ముద్దకు మళ్లీ అడిగేది.